విస్తట్లో మిగిలిన మర్యాద

ఆ శుభవార్త ఫోన్లో వచ్చినప్పుడు నేను వంటింట్లో నిలబడి, మిగిలిపోయిన ఉప్మాను చెత్తబుట్టలోకి తోస్తున్నాను.

ఫోన్ చేసింది మా బడి హెడ్మాస్టరు నరేంద్ర గారు. "నిఖితమ్మా, కొత్తగా ఒక కార్యక్రమం మొదలుపెడతాండాం. మన సీమ పక్క తిండి గురించి పిల్లోళ్ళకు చెప్పల్ల. అన్నం పారేయకుండా నేర్పియల్ల. వారానికి ఒక పీరియడ్. నువ్వు హోమ్ సైన్స్ చదివినావు కదా, దీనికి ఇన్‌చార్జివి నువ్వే!" అన్నారు.

నా ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో గరిటె. గరిటెకు అంటుకున్న ఆఖరి ముద్ద అప్పుడే బుట్టలో పడింది. "తప్పకుండా సార్! ఆ విషయం నా మనసుకు చాలా దగ్గర!" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆ క్షణంలో ఆ విషయం నా కాలికి జానెడు దూరంలోనే ఉంది.

కాబట్టి పాఠకులారా, మొహమాటం లేకుండా మొదటే చెప్పేస్తున్నాను. అన్నం పారేయడం ఒక వరం! కాదన్నవాళ్ళ మాట నమ్మకండి.

ఆలోచించండి. ఎవరూ ఏమీ పారేయకపోతే ఈ కార్యక్రమం ఉండేదా? కార్యక్రమం లేకపోతే ఇన్‌చార్జి ఉండేదా? ఇన్‌చార్జి లేకపోతే ఆ సాయంత్రం మా ఆయన అరకిలో జిలేబీ తెచ్చేవారా? ముగ్గురున్న ఇంట్లో అరకిలో జిలేబీ ఎవరు తింటారు? మర్నాటికి సగం రాయైపోయింది. ఆ సగం ఎక్కడికి పోయిందో అడగొద్దు. మా చెత్తబుట్టకు ఆ వారం మంచి గిరాకీ!

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాకు వైశాఖంలో పెళ్ళయింది. అనంతపురంలో పుట్టి పెరిగి, సోమందేపల్లె దగ్గర హైవే పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. ఆషాఢమంతా పుట్టింట్లో కూర్చుని ఫోన్ ఛార్జింగు అరగదీసి, శ్రావణం రాగానే పరుగెత్తుకొచ్చాను. వచ్చీ రాగానే ఇక్కడి హైస్కూల్లో తాత్కాలిక టీచరుగా చేరాను. మా ఆయన మణిదీప్‌ది కిరాణా అంగడి. ఆయన బెల్లం దిమ్మ పగలగొడుతుంటే చూడటం కూడా నాకు పండగే. మా హనీమూన్ లేపాక్షి. బస్సులో వెళ్ళాం, నంది పక్కన ఫోటో దిగాం, చెరుకురసం తాగాం, పొద్దు గుంకేలోపు ఇల్లు చేరాం. ఇంతకంటే మంచి హనీమూన్ ఎవరికైనా జరిగి ఉంటే నాకు చెప్పకండి, నమ్మను.

ఇంత సంతోషంలో ఉన్న మనిషికి చేతికొలత ఎక్కడ నిలుస్తుంది? ముగ్గురికి ఎంత రవ్వ పోయాలో నాకు తెలుసు. కానీ సరిగ్గా పోసేటప్పుడు మా ఆయన వంటింటి గడప దగ్గరికొచ్చి ఒక నవ్వు నవ్వితే, ఇంకో గ్లాసు దానంతటది పడిపోతుంది. ఉప్మా మిగిలిందంటే ఆ ఇంట్లో ప్రేమ ఉన్నట్టు. ఏమీ మిగలని ఇళ్ళలో ఎలాంటి కాపురాలు జరుగుతున్నాయో నాకైతే అనుమానమే!

మా అత్తమ్మ రామసుబ్బమ్మ గారు మాత్రం రోజూ అదే పాట. "రవ్వ తగ్గియ్యే తల్లీ. అంగట్లో ఉండేది అమ్ముకునేదానికి, పారబోసేదానికి కాదు." పాత తరం. ప్రేమ గురించి ఆవిడకేం తెలుసు!

వృథాలో నా అనుభవం ఉప్మాతో మొదలు కాలేదు. మా పెళ్ళి సంగతే తీసుకోండి. ఫంక్షన్ హాల్లో ఒక మూలన బోద గడ్డితో గుడిసె వేయించి, పైన 'మన సీమ రుచులు' అని బోర్డు పెట్టించాడు మా నాయన. లోపల రాగి సంగటి, ఊరిబిండి, కొర్ర పాయసం. వచ్చినవాళ్ళందరూ ఆ గుడిసె ముందు నిలబడి ఫోటో దిగారు. దిగి, పక్కనున్న గోబీ మంచూరియా వైపు నడిచారు. సంగటి ముద్దలు సాయంత్రం దాకా నున్నగా మెరుస్తూ అలాగే కూర్చున్నాయి. మన తిండి అంటే మనకు ఎంత గౌరవమో చూడండి! గౌరవించేదాన్ని ఎవరైనా నోట్లో పెట్టుకుంటారా?

ఇక పెళ్ళికూతురిగా నా విస్తరి! నేను ఆయనకు లడ్డూ తినిపించాలి, ఆయన నాకు తినిపించాలి. ఫోటోగ్రాఫరు "ఇంకొక్కసారి మేడం, చెయ్యి కొంచెం పైకి" అన్నాడు. వీడియో అతను తనకూ ఒకసారి కావాలన్నాడు. మా పిన్ని తన ఫోన్లో సరిగ్గా రాలేదంది. ఒకే లడ్డూ మా ఇద్దరి నోళ్ళ మధ్య చాలాసేపు తిరిగింది. కొరికితే ఫోటో బాగుండదని ఎవరమూ కొరకలేదు. ఆల్బంలో మేమిద్దరం కడుపునిండా తిన్నవాళ్ళలాగే ఉంటాం. విస్తరి మాత్రం వడ్డించింది వడ్డించినట్టే మడిచి తీసుకుపోయారు.

ఇన్ని అర్హతలున్న నేను కాక పిల్లలకు ఇంకెవరు నేర్పాలి?

మొదటి పీరియడ్‌కు కొర్రలు పట్టుకెళ్ళాను. ఆన్‌లైన్లో తెప్పించిన చక్కటి ప్యాకెట్. పైన ఇంగ్లీషులో పేరు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న ఒక రైతు బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో అనంతపురం జిల్లా పంట అని ఉంది. అంటే ఆ కొర్రలు ఇక్కడ పుట్టి, బెంగళూరు పోయి, స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, కొరియర్లో మళ్ళీ ఇక్కడికే వచ్చాయి. నా హనీమూన్ కంటే పెద్ద ప్రయాణం!

"ఇవేమిటో ఎవరికైనా తెలుసా?" అని గంభీరంగా అడిగాను.

ఏడో తరగతి మొత్తం నావైపు జాలిగా చూసింది. ముందు బెంచీలోంచి అశ్విని అనే పిల్ల లేచింది. "కొర్రలు మేడం. మా ఇంట్లో కుండల్లో ఉండాయి. మీకు యాడా దొరకలేదా?"

"పాపం, టౌన్‌నుంచి వచ్చింది కదప్పా" అన్నాడు వెనక నుంచి మారుతి, నాకు వినపడేంత మెల్లగా.

ఆ రోజు మన పక్క తిండి గురించి పాఠం జరిగింది. చెప్పింది వాళ్ళు, విన్నది నేను. అలసందలు ఎప్పుడు వేస్తారో, ఊరిబిండి రోట్లో ఎందుకు నూరాలో, సంగటి చల్లారితే ఏం చేసుకుంటారో అన్నీ చెప్పారు. చెప్పి, బడి ముందు బండి దగ్గర నూడుల్స్ తినడానికి పోయారు.

ఇక మిగిలింది వృథా పాఠం. అందులో మాత్రం నేనే ఒక ఆట కనిపెట్టాను. మధ్యాహ్న భోజనం వండే నల్లమ్మ వడ్డిస్తున్నప్పుడు, కడుపుకు సరిపడా పడగానే పిల్లలు గట్టిగా "సాలు" అనాలి. ఆ మాట అన్నాక ఇంకో గరిటె వేయకూడదు. అయినా ఎవరి పళ్ళెంలోనైనా అన్నం మిగిలితే, తక్కినవాళ్ళు ఆ మనిషిని ఒకే ప్రశ్న అడగాలి. "ఏంటికి?" తిట్టకూడదు, నవ్వకూడదు. జవాబు వచ్చేదాకా కళ్ళల్లోకి చూస్తూ ఉండాలి.

ఆట పిల్లలకు తెగ నచ్చింది. ఒక వారం తిరిగేసరికి నల్లమ్మ నా దగ్గరికి ఫిర్యాదుకు వచ్చింది. "ఏమి నేర్పిచ్చినావు మేడం వీళ్ళకి? నేను గరిటె ఎత్తకముందే సాలు సాలు అని అరుస్తాండారు. నా సెవులు పోతాండాయి. బియ్యం గూడా తక్కువ పోయాల్సొస్తాండాది!"

నాకు ఆనందం పట్టలేదు. మా ఆయనకు అసలే పట్టలేదు. అంగడి ముందు నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టించేశారు. 'మెతుకు మేడం నిఖిత గారికి హార్దిక అభినందనలు'. డిజైన్ చేసిన మనిషి నా తల వెనక ఆవిర్లు కక్కుతున్న అన్నం గుండిగ ఒకటి పెట్టాడు. దూరం నుంచి చూస్తే నన్నే ఉడికిస్తున్నట్టు ఉంది. అయినా ఎంత ముద్దొచ్చిందో!

ఇదంతా ఎవరి పుణ్యం? వృథా పుణ్యం కాదూ?

అయితే అశ్విని దీన్ని ఆట అనుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

అశ్విని వాళ్ళది వాననే నమ్ముకున్న చేను. వాళ్ళ నాయన కొండప్ప మా అంగడికి పాత ఖాతాదారు. ఇంట్లో పెత్తనం మాత్రం వాళ్ళ అవ్వ రామాంజినమ్మది. ఒకరోజు బడి వదిలాక అశ్విని నా వెనకే వచ్చింది.

"మేడం, ఆదివారం మీరూ అంగడన్నా మా ఇంటికి భోజనానికి రావల్ల. కొత్త జంట కదా, మా అవ్వ పిలస్తాండాది."

"తప్పకుండా వస్తాం" అన్నాను.

"వచ్చి సాలు అనల్ల."

"ఏమిటే?"

"మా చిన్నత్తకు సీమంతం చేస్తాండారు మేడం, వచ్చే బుధవారం. ఊరంతా పిలిచినారు. మా అవ్వ ఇంట్లో ఉండే కొర్రలన్నీ వండల్ల అంటాది. తినేకి పెట్టుకున్నేవే కాదు, విత్తనాల కుండ గూడా. వాన ఎట్లా పడల్యా, ఇంగ ఆ కుండ ఏంటికి అంటాది. ఎల్లుండి వాన పడితే చేన్లో ఏం విత్తాల మేడం?"

"మీ నాయన ఏమంటాడు?"

"నాయన అవ్వకు ఎదురు సెప్పడు. నేనే సెప్పినా. వచ్చినోళ్ళు సగం తిని సగం పారేస్తారు కదవ్వా, అందురూ సాలు అంటే తక్కువ వండొచ్చు అన్నా. పోవే, పెద్దోళ్ళు ఎవురన్నా ఇస్తరాకు ముందర కూసోని సాలు అంటారా అనింది. మా మేడం అంటాది అన్నా. మీ మేడం మనింట్లో ఆ మాట అంటే విత్తనాల కుండ ముట్టను అని నా తల మీద సెయ్యి పెట్టింది."

నేను పకపకా నవ్వాను. "ఓస్, ఇంతేనా!" అన్నాను. ఒక్క మాట. రెండు అక్షరాలు. బీఎస్సీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని, ఆ మాత్రం అనలేనా?

ఆదివారం పొద్దున మా అత్తమ్మ నా జడలో కనకాంబరాలు తురుముతూ, కొత్త కోడలు పాటించాల్సిన మర్యాదలు చెప్పుకొచ్చారు. "ఇదిగో చూడు. ఒకరింటికి మొదటిసారి భోజనానికి పోయినప్పుడు కొత్త కోడలి నోట్లో సాలు అనే మాట రాకూడదు. వస్తే ఆ ఇంట్లో గింజలకు కరువొస్తాదంటారు. ఆకు ఊడ్చినట్టు తినొద్దు, వాళ్ళు పెట్టింది సరిపోలేదు అనుకుంటారు. కొంచెం వదిలిపెట్టి లెయ్యల్ల. తెలిసిందా?"

చాలు అనకూడదు. ఖాళీ చేయకూడదు. అంటే వదలాలి. వదలడం తప్ప వేరే దారి లేకుండా అన్ని వైపులా ఎంత పకడ్బందీగా గోడలు కట్టారో చూడండి! నా డిగ్రీలో ఏ సూత్రమూ ఇంత బిగువుగా లేదు.

కొండప్ప గారి ఇంటి వసారాలో చాప పరిచి మా ఇద్దరికీ విస్తరాకులు వేశారు. చింతచిగురు పప్పు, వేయించిన వేరుశనగ బుడ్డలతో నూరిన ఊరిబిండి, నెయ్యి కారుతున్న ఓళిగలు, అంటే బొబ్బట్లు, మధ్యలో పొగలు కక్కుతూ కొర్రన్నం. మొదటి ముద్దకే మా ఆయన మాట్లాడటం మానేశారు. రెండో ముద్దకు నేనూ మానేశాను. నేనే మానేశానంటే ఆ వంట ఎంత బాగుందో మీరే ఊహించుకోండి.

కడుపు నిండింది. సరిగ్గా అప్పుడు అవ్వ కొర్రన్నం గిన్నె, గరిటె పట్టుకుని వచ్చింది. గుంజను పట్టుకుని నిలబడిన అశ్విని నా నోరే చూస్తోంది.

అవ్వకు కూడా పందెం గుర్తుంది. గరిటె నా ఆకు మీద అలాగే ఆపి, ఓరగా నవ్వింది. "ఏం మేడమ్మా? ఏసేదా, సాలా?"

పాఠకులారా, ఇంతకంటే తేలికైన ప్రశ్నపత్రం లోకంలో ఎవరికైనా వచ్చి ఉంటుందా? జవాబు ప్రశ్నలోనే ఇచ్చేశారు!

నోరు తెరిచాను. ఎదురుగా కనకాంబరాల మాల పట్టుకుని అత్తమ్మ నిలబడినట్టు అనిపించింది. నా మాట వల్ల ఈ ఇంట్లో గింజలకు కరువొస్తే? 'సాలు' గొంతు దాకా వచ్చింది, అక్కడ కాసేపు నిలబడి కొంగు సర్దుకుంది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాని బదులు ఇంకో మాట బయటికొచ్చింది.

"మీ చేతి వంట ఎవరైనా చాలంటారా అవ్వా!"

నేనేం చేయను? కాలికి రాయి తగిలితే 'అబ్బా' అన్నట్టు, మర్యాద కూడా దానంతటది వచ్చేస్తుంది.

అవ్వ ముఖం వెలిగిపోయింది. ఒక గరిటె. దాని మీద ఇంకోటి. "కొత్త పెండ్లికూతురివి, పిట్ట తిన్నట్టు తింటే ఎట్లమ్మా" అంటూ మీద ఒక ఓళిగ. నేను నవ్వుతూ వేలితో గుట్టను అటూ ఇటూ జరిపాను. జరిపితే తగ్గుతుందని చిన్నప్పటి నుంచీ నాకొక నమ్మకం. తగ్గలేదు. ఆకు మడవబోతున్నాను.

"ఏంటికి మేడం?"

అశ్విని. తిట్టలేదు, నవ్వలేదు. నేను నేర్పినట్టే కళ్ళల్లోకి చూస్తోంది. ఎంత మంచి స్టూడెంటో!

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఓళిగ వైపు చూస్తున్నారు. చివరికి అవ్వే కాపాడింది. "సూడే, మీ మేడమే ఆకులో వదిలిపెట్టింది! కడుపు నిండా తినింది నా తల్లి! ఇంగ పందెం లేదు, పాడూ లేదు, పో" అని మనవరాలి నెత్తిన ఒకటి మొట్టింది.

అశ్విని నెత్తి రుద్దుకుంది. నా ఆకు తీసుకుపోయి పెరట్లో బర్రె ముందు పెట్టింది. బర్రె అంతా తినేసింది. అదీ సాలు అనలేదు. మర్యాద తెలిసిన బర్రె.

కథ అక్కడితో అయిపోతే నా తెలివి సగమే తెలిసేది మీకు. బయల్దేరబోతుంటే అవ్వ ఆపింది. "మొదటిసారి వచ్చినావు, వట్టి ఒడితో పంపిస్తానా? ఒడిబియ్యం పోయల్ల. మా ఇంట్లో ఉండేది రేషన్ స్టోరు బియ్యం. సెట్టిగారింటి కోడలి ఒళ్ళో అవి పోస్తే ఏం బాగుంటాది?" అంటూ లోపలికి పోయింది. మూల నుంచి గుడ్డ వాసెన కట్టిన కుండ ఒకటి తెచ్చింది. వాసెన విప్పింది. కుంకుమ పెట్టి, పసుపు కొమ్ము వేసి, నా చీర కొంగు నిండేలా దోసిళ్ళతో కొర్రలు పోసింది.

అది విత్తనాల కుండ అని నాకెవరూ చెప్పలేదు. అశ్విని ముఖం చూస్తే తెలిసింది.

కుండను కాపాడమని పిలిచిన మనిషి ఒళ్ళోకే మొదటి దోసిలి వచ్చి పడింది! ఇంతటి విజయం ఏ ఇన్‌చార్జికి దక్కింది చెప్పండి? బండి మీద ఇంటికొస్తూ, ఒడి పట్టుకుని కూర్చున్నాను. "ఏమి, మాట్లాడవు?" అన్నారు మా ఆయన. "తిన్నది ఎక్కువైంది" అన్నాను.

సోమవారం మధ్యాహ్నం బడిలో భోజనాలు. అశ్విని మొదటి గరిటెకు సాలు అనలేదు. రెండోదానికీ అనలేదు. పళ్ళెం నిండాక నాలుగు ముద్దలు తిని, మిగిలిందంతా అలాగే వదిలి లేచింది.

పిల్లలందరూ ఒక్క గొంతుతో, "ఏంటికి?"

అశ్విని వాళ్ళ వైపు చూడలేదు. నా వైపు చూసింది. "మర్యాదకు మేడం" అంది.

ఏడో తరగతి నిమిషం సేపు ఆలోచించింది. తరవాత చూడాలి, ఏం మర్యాద, ఏం మర్యాద! ఒకరు సగం వదిలారు, ఇంకొకరు ముప్పాతిక వదిలారు. మారుతి పళ్ళెం ముట్టుకోకుండానే ఎత్తి చూపించాడు. "నాది అందురికన్నా ఎక్కువ మర్యాద మేడం!"

నల్లమ్మ కుడితి బకెట్ తెచ్చి, పళ్ళేలు ఒక్కొక్కటే వంచుతూ అంది. "ఇంత మర్యాద ఈ బడిలో నేను ఎప్పుడూ సూల్లేదు మేడం."

సరిగ్గా అప్పుడే నరేంద్ర గారు ఫోన్ పట్టుకుని వచ్చారు. కార్యక్రమం ఎలా జరుగుతోందో పైవాళ్ళకు ఫోటో పంపాలట. బకెట్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. ఆయనా మర్యాదస్తుడే, ఏమీ అడగలేదు. పళ్ళేలు కడిగేదాకా ఆగి, వాటితో పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. కడిగిన పళ్ళేలు చాలా ఖాళీగా వచ్చాయి. మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చిందట.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, వృథా వరమని? పారేయడానికి మనకు ఎన్ని మంచి పేర్లున్నాయి! మర్యాద, ఆతిథ్యం, వేడుక, ప్రేమ. పారేయకుండా ఉండటానికి ఏముంది? పిసినారితనం అనే ఒక్క పేరు. ఎవరైనా ఏది ఎంచుకుంటారు?

నా వాదనలో ఇప్పటికీ మార్పు లేదు. కాకపోతే చిన్న అనుమానం. వరమంతా పెద్దవాళ్ళం ఉంచుకుని, పాఠమంతా పిల్లలకు ఇచ్చాం కదా. ఆ పంపకంలో తూకం కొంచెం తేడాగా ఉంది. ఆ పిల్లలకు సాలు అనడం ఒక్క వారంలో వచ్చేసింది. మర్యాద కూడా ఒక్క పూటలోనే వచ్చేసింది. రెండూ నేర్పింది నేనే. నాకే ఇంకా మొదటిది రాలేదు.

ఈ రోజు మంగళవారం. సాయంత్రం దేవుడి గూట్లో పళ్ళెంలో పెట్టిన ఆ కొర్రల ముందు కూర్చుని ఉంటే అత్తమ్మ వచ్చారు. "ఏమైంది నీకు? రెండు దినాల నుంచి ఉప్మా గూడా మిగల్లేదు" అన్నారు. నా అనారోగ్యాన్ని ఆవిడ కనిపెట్టే పద్ధతి అది. అంతా చెప్పేశాను.

"మరి నోరు తెరిసి సాలు అనేదానికి ఏమొచ్చిందే?"

"మీరే కదా అత్తమ్మా అనకూడదన్నారు!"

"నేను శానా సెప్తా. అన్నీ ఇన్నావా? రవ్వ తగ్గియ్యమంటే ఇన్నావా?"

అత్తమ్మ కొర్రల పళ్ళెం దగ్గరికి జరిగి, గింజలు వేళ్ళతో కదిపి చూశారు. "మంచి విత్తనం" అన్నారు.

"తిరిగి ఇచ్చేద్దామా?"

"ఒళ్ళో పోసింది తిరిగి ఇస్తారా ఎవరన్నా? తప్పు." వేళ్ళకు అంటిన గింజలు పళ్ళెంలోకి దులిపారు. "కానీ మనం ఇంకొకరి ఒళ్ళో పోసేది తప్పు కాదు. ఆ ఇంట్లో ఆడపిల్ల ఉండాది కదా. దాని ఒళ్ళో పోద్దాం. అది తీసుకపోయి ఏ కుండలో పోసుకుంటాదో దాని ఇష్టం."

నాకు లేచి ఎగరాలనిపించింది. "మరి సాలు?"

"కొత్త కోడలు అనకూడదు. నేను కొత్త కోడల్నా? రేపు నేనూ వస్తా. మొదట నేనంటా, నా వెనక నువ్వు అను. ఇద్దరు ఆడోళ్ళు వరసగా అంటే రామాంజినమ్మ తల మీద పెట్టిన సెయ్యి ఎట్ల తీసుకుంటాదో సూస్తా."

ఆవిడకు ప్రేమ గురించి ఏం తెలుసు అని పైన రాశాను. ఆ వాక్యం మీరు చదవనట్టే మర్చిపోండి.

ఇప్పుడు మా ఇంట్లో రిహార్సల్ నడుస్తోంది. మా ఆయన నా లోటాలో కాఫీ పోస్తూ, నేను ఆపమన్నదాకా పోస్తానన్నారు. ఆయన నవ్వుతూ పోస్తున్నారు, నేను నవ్వుతూ చూస్తున్నాను. లోటా నిండి, పొంగి, నా కొత్త చీర మీద పడింది. ఆ మాట మాత్రం రాలేదు. "ఇంగోసారి!" అని వంటింట్లోంచి అత్తమ్మ కేకేశారు.

సీమంతం వంటకు పొయ్యి వెలిగించేలోపే రేపు పొద్దున మేము ముగ్గురం ఆ ఇంటికి వెళ్తున్నాం. కొర్రలు నా ఒళ్ళో, మాట అత్తమ్మ నోట్లో, బండి మా ఆయన చేతిలో. అవ్వ ఇంకా ఎసరు పెట్టకముందే, ఆకు వేయకముందే, వసారాలో చాప మీద కూర్చుని ఇద్దరం వరసగా అనేస్తాం. అనేదాకా లేవం. ఒకవేళ నా గొంతులో ఆ మాట మళ్ళీ కొంగు సర్దుకుంటూ నిలబడిపోతే, గుంజ పక్కన ఒక పిల్ల ఉంటుంది. ఏం అడగాలో దానికి నేనే నేర్పాను.